ఒకవైపు కరోనా ట్రీట్‌మెంట్ చేసిన 20 మైక్రాన్ల బీఓపీపీ ఫిల్మ్: ముద్రణలో అనుభవం

కారప్పొడి, పసుపు పౌచ్‌ల ముద్రణకు మా యూనిట్‌లో ఈ బీఓపీపీ (రెండు దిశల్లో సాగదీసిన పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) ఫిల్మ్‌ను వాడుతున్నాము. మందం రోలంతా సమంగా ఉంది, మెరుపు బాగుంది, అంచుల్లో ముడతలు లేవు. చెప్పవలసిందంతా కరోనా ట్రీట్‌మెంట్ చేసిన, అంటే ఇంకు అంటుకునేలా విద్యుత్ ఉత్సర్గం తగిలించిన వైపు గురించే.

పాలీప్రొపిలీన్ అణువుల గొలుసుల్లో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ ఉండవు కనుక దాని ఉపరితల శక్తి (ద్రవం పైన ఎంత బాగా పరుచుకుంటుందో చెప్పే కొలత) సెంటీమీటరుకు సుమారు 30 డైన్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంకు పరుచుకోక బొట్లుగా ముడుచుకుంటుంది. కరోనా ఉత్సర్గం గాలిలోని ఆక్సిజన్‌ను పైపొరకు చేర్చి, కార్బొనిల్, హైడ్రాక్సిల్ వంటి ధ్రువ సమూహాలను ఏర్పరచి, ఆ విలువను 38కి పైగా తీసుకువెళ్తుంది. అయితే ఈ మార్పు కొన్ని నానోమీటర్ల లోతుకే పరిమితం. స్ఫటిక రూపంలో లేని భాగపు గొలుసులు గది ఉష్ణోగ్రతలో కూడా కదులుతూ, మెలి తిరిగి, ఆ ధ్రువ సమూహాలను లోపలికి దాచేస్తాయి. ఫిల్మ్ సులువుగా జారడానికి కలిపే ఎరూకమైడ్ వంటి పదార్థాలు అదే సమయంలో పైకి వచ్చి ఉపరితలాన్ని కప్పుతాయి. వేడి ఈ రెండింటినీ తొందరపెడుతుంది.

అందుకే లేబుల్ మీది 40 అనే అంకెను ట్రీట్‌మెంట్ చేసిన రోజు విలువగానే చూడాలి. కొత్త రోల్ మీద 40 డైన్ల పరీక్ష ద్రవం (ఉపరితల శక్తి అంతకు తక్కువైతే బొట్లుగా విడిపోయే ద్రవం) 2 సెకన్లు చెదరకుండా నిలిచింది, ముద్రణ మీద టేప్ అతికించి లాగే పరీక్షలో ఇంకు ఏమాత్రం లేవలేదు. డీలరు గోదాములో రేకుల కప్పు కింద వేసవంతా ఉండి వచ్చిన రోల్ మీద మాత్రం 36 డైన్ల ద్రవమే బొట్లుగా విడిపోయింది, టేపుతోపాటు అక్షరాలు ఊడివచ్చాయి. రెండూ ఒకే తయారీదారు సరుకే, కాబట్టి తేడా నిలవలోనే వచ్చింది. (ఈ పరీక్ష ద్రవాల్లో తరచుగా ఫార్మమైడ్ ఉంటుంది, చేతి తొడుగులు తప్పనిసరి, గర్భిణులను ఆ పనికి పెట్టకూడదు.)

ట్రీట్‌మెంట్ ఎంత ఎక్కువైతే అంత మేలనుకోవడం సరికాదు. మోతాదు మించితే గొలుసులు తెగి, పొట్టి ఆక్సీకృత ముక్కలు వదులైన పొరగా మిగులుతాయి. ఇంకు ఆ పొరకు అంటుకొని దానితోపాటే లేచిపోతుంది, రోల్‌లో ఫిల్మ్ పొరలు కూడా ఒకదానికొకటి అతుక్కుంటాయి. మేము వాడే సాల్వెంట్ ఇంకులకు 38 సరిపోతుంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. లేబుల్ మీద డైన్ విలువ పక్కనే ట్రీట్‌మెంట్ తేదీ లేకపోవడమే ఆ ఒకటి తగ్గడానికి కారణం. కొనేవారు బిల్లు చేయించే ముందే ఆ తేదీ అడగాలి. యంత్రానికి ఎక్కించే ముందు పైచుట్లు కొన్ని విప్పి, ఒక అంచు నుంచి మరో అంచు వరకు వెడల్పులో మూడు చోట్ల డైన్ చూడాలి.