సెకండ్ హ్యాండ్ వీఆర్ హెడ్‌సెట్ కొనేవాళ్ళకి: టీవీలో బొమ్మ చూసి డబ్బులు కట్టకండి

పోయిన నెల మా ఊళ్ళో ఓ గేమింగ్ షాపులో పీఎస్ వీఆర్2 కొన్నాను. సోనీ వాళ్ళ గేమ్ మెషీన్ పీఎస్5కి తగిలించి, కళ్ళకి పెట్టుకుని ఆడే హెడ్‌సెట్ ఇది. షాపు పేరు చెప్పను, గొడవ ఇంకా తేలలేదు. ఓపెన్ బాక్స్ పీస్, అంటే అప్పటికే డబ్బా తెరిచింది, 32 వేలు. మన దగ్గర కొత్తగా వచ్చినప్పుడు దాదాపు 58 వేలు ఉండేది కదా, మంచి బేరం తగిలిందనుకున్నాను. దాంతోపాటు పాత వీఆర్ గేమ్ డిస్కులు ఆరు అంటగట్టాడు, ఇంకో ఆరు వేలకి. "వీఆర్ అంటే వీఆరే సార్, అన్నీ ఆడతాయి" అన్నాడు కౌంటర్ దగ్గరున్న అబ్బాయి.

ఆడవు. అవి 2016లో పాత మెషీన్ పీఎస్4 కోసం వచ్చిన మొదటి పీఎస్ వీఆర్ హెడ్‌సెట్ గేమ్‌లు. ఆ హెడ్‌సెట్ ఎటు కదులుతోందో టీవీ దగ్గర పెట్టిన కెమెరా చూసేది. 2023లో వచ్చిన ఈ రెండోదానికి కెమెరాలు హెడ్‌సెట్‌లోనే ఉంటాయి, కంట్రోలర్లూ వేరే. తయారుచేసినవాళ్ళు పాత గేమ్‌కి కొత్త వెర్షన్ ఇస్తే తప్ప ఇందులో నడవదు. ఇది ముందే తెలుసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

అసలు దెబ్బ హెడ్‌సెట్‌లో తగిలింది. షాపులో పీఎస్5కి తగిలించి ఆన్ చేశాడు, టీవీలో బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. తలకి పెట్టుకుంటానంటే "లెన్స్ మీద చెమట పడుతుంది సార్" అన్నాడు. సరేలే అని ఊరుకున్నాను. ఇంటికొచ్చి కార్ల గేమ్ పెట్టగానే ఎడమ కంటి వైపు ఆకాశంలో నల్లటి వంకర గీత. తల ఎటు తిప్పినా కంటి ముందే ఉంటుంది. చీకటి సీన్‌లో కనబడదు, వెలుతురు వస్తే చాలు, ప్రత్యక్షం.

అది ఎండ దెబ్బ. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన వాళ్ళందరికీ అర్థమవుతుంది. లెన్సులు పైకి ఉండేలా కిటికీ దగ్గర పెడితే ఎండ లోపలి స్క్రీన్ మీద ఒకే చోట పడి మాడ్చేస్తుంది. లెన్సుల మీద ఎండ పడనివ్వొద్దని మాన్యువల్లోనే ఉంటుంది. టీవీకి వచ్చే బొమ్మ నేరుగా పీఎస్5 నుంచి వస్తుంది, కాబట్టి హెడ్‌సెట్ స్క్రీన్ మాడిపోయినా టీవీలో ఏమీ తెలియదు. చెమట కబురు ఎందుకు చెప్పాడో ఇప్పుడు అర్థమవుతోంది.

కాబట్టి పెట్టుకోనివ్వకపోతే కొనకండి. పెట్టుకున్నాక కళ్ళ మధ్య దూరం సరిచేసే చక్రం తిప్పుకొని, తెల్లటి మెనూ ఏదైనా తెరిచి, ఒక్కో కన్ను మూసి చూడండి. వీలైతే మనం నడుస్తూ తిరిగే గేమ్ ఏదైనా ఓ పావుగంట ఆడండి. నాకు కార్ల గేమ్ బాగానే ఉంది, అలా నడుస్తూ తిరిగే గేమ్‌లో పది నిమిషాలకే కడుపులో తిప్పేసింది. పీఎస్5 లేనివాళ్ళు అసలు ఆలోచించకండి. పీసీకి అడాప్టర్ ఉంది గానీ, అక్కడ కళ్ళ కదలికను పట్టుకునే సదుపాయం సోనీ అధికారికంగా ఇవ్వలేదు.

ధర విషయం ఒకటి. అమెరికాలో 550 డాలర్లున్నది 2025 మార్చిలో 400కి దిగింది. పాత రేటు చూపించి "సగానికి ఇస్తున్నా" అంటే నమ్మకండి.

బిల్లు మీద పెన్నుతో "నో రిటర్న్" అని రాసిచ్చాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఆ తర్వాత డిస్కుల డబ్బులు వెనక్కి ఇచ్చాడు. హెడ్‌సెట్ సంగతి మాత్రం "ఓనర్ ఊళ్ళో లేరు" దగ్గరే ఆగింది.