14/50: లిమిటెడ్ ఎడిషన్ రాక్ ఫొటోలు ఏళ్ల తరబడి కొన్నాక

నా గొడవంతా లిమిటెడ్ ఎడిషన్ ప్రింటు, అంటే ఇన్ని కాపీలే అని చెప్పి అమ్మే ప్రింటు, కింది అంచున పెన్సిల్‌తో రాసి ఉండే ఆ చిన్న అంకె గురించే. జిమ్ మార్షల్, మిక్ రాక్, బేరన్ వుల్మన్ లాంటి రాక్ ఫొటోగ్రాఫర్ల గురించి పెద్ద పరిచయాలు వదిలేస్తున్నాను. సిల్వర్ జెలటిన్ అనే డార్క్‌రూమ్ ప్రింటు ఎలా వేస్తారు, ప్రింటుతో ఇచ్చే సర్టిఫికెట్‌లో ఏముండాలి లాంటివీ అంతే.

ముందు మంచి మాట. ఫైబర్ కాగితం (ప్లాస్టిక్ పూత లేని ఫొటో కాగితం) మీద డార్క్‌రూమ్‌లో వేసిన నలుపు తెలుపు ప్రింటుకు సాటి ఏదీ లేదు. స్టేజి లైటు గిటారిస్టు చెంప మీద పడి, మెడ దగ్గర నీడలోకి జారే చోట ఎన్ని రకాల బూడిద రంగులుంటాయో స్క్రీన్ మీద ఎంత పెద్దది చేసి చూసినా తెలియదు. నేను కొన్నది అలాంటిదే. 16x20 అంగుళాలు, ఫొటోగ్రాఫర్ సంతకం, యాభైలో పద్నాలుగోది. ఎవరి ఫొటోనో, ఏ గ్యాలరీనో చెప్పను. ఈ అలవాటు వాళ్లొక్కరిదే కాదు.

కొన్నేళ్లకు అదే గ్యాలరీ నుంచి మెయిల్ వచ్చింది. అదే ఫొటో, ఈసారి 30x40 అంగుళాల పిగ్మెంట్ ప్రింటు (డార్క్‌రూమ్‌లో కాకుండా ఇంకుతో ప్రింటర్ మీద వేసేది), 'కొత్త ఎడిషన్', 25 కాపీలు, నంబరు మళ్లీ ఒకటి నుంచి. ఇదేంటని రాశాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. ఎడిషన్ అనేది సైజును బట్టి, ప్రింటు వేసే పద్ధతిని బట్టి విడివిడిగా ఉంటుందట. మీ యాభై యాభైగానే ఉన్నాయి, ఒక్కటీ పెరగలేదు అన్నారు. సర్టిఫికెట్ తీసి చూశాను. 'ఎడిషన్: 50' అని ఒక వరుస. ఎక్కడో కింద కొలతలు. ఆ యాభై ఈ కొలతలకే పరిమితం అని చెప్పే మాట ఒక్కటీ లేదు. ఫోన్ చేసి మాట్లాడితే ఇంకో సంగతి బయటపడింది. 11x14 సైజులో వేరే ఎడిషన్ మొదటి నుంచీ ఉందట. ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు, అంటే ఫొటోగ్రాఫర్ కోసమని విడిగా వేసే కాపీలు, వీటన్నిటికీ బయట. అవి ఎన్ని అని అడిగితే 'కొన్ని' అన్నారు. నాకు మండింది ఆ 'కొన్ని' దగ్గరే. అంకె చూపించి ధర చెప్పేవాళ్లు అంకె అడిగితే ఇలా నసగడమేంటి?

చట్టం ప్రకారం మనం చేయగలిగింది పెద్దగా లేదు. 2012లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ తన పాత ఫొటోలను పెద్ద సైజు డిజిటల్ ప్రింట్లుగా వేయించి క్రిస్టీస్ వేలం సంస్థలో అమ్మకానికి పెట్టారు. అవే ఫొటోల పాత ప్రింట్లు లిమిటెడ్ ఎడిషన్ అని కొని దాచుకున్న కలెక్టర్ ఒకాయన న్యూయార్క్‌లో కేసు వేశాడు. 2013లో కోర్టు దాన్ని కొట్టేసింది. ఎగల్‌స్టన్ రాక్ ఫొటోగ్రాఫర్ కాదు గానీ, ఆయన తీసిన ఎర్ర సీలింగ్ ఫొటో బిగ్ స్టార్ బ్యాండు 1974 ఆల్బమ్ అట్ట మీద ఉంది, అంచేత ఆయన్నీ మన జాబితాలో వేసుకోవచ్చు.

అసలు ఈ నంబర్ల పద్ధతి ఎచింగ్ (రాగిరేకు మీద గీతలు చెక్కి అచ్చు తీసే బొమ్మ) లాంటి వాటికి సరిపోయేది. కాపీలు తీసే కొద్దీ రాగిరేకు అరుగుతుంది, తొలి కాపీల్లో గీత పదునుగా ఉంటుంది. నెగెటివ్‌కు గీతలు పడొచ్చు గానీ ప్రింట్లు వేసినంత మాత్రాన అది అలా అరగదు. 3/50 కంటే 43/50 నాసిరకం అయ్యే పని లేదు. ధర మాత్రం అమ్ముడయ్యే కొద్దీ మెట్లు ఎక్కుతుంది. ఇంకా విచిత్రం, చాలాచోట్ల యాభై కాపీలూ ఒకేసారి వేసి పెట్టరు. ఆర్డరు వచ్చినప్పుడల్లా వేస్తారు. సగమే అమ్ముడైన ఎడిషన్‌లో మిగతా సగం ఇంకా పుట్టనే లేదన్నమాట.

ఆ పెద్ద ప్రింటును తర్వాత ఒక ప్రదర్శనలో చూశాను. నిజం చెప్పాలంటే తప్పులు పట్టడానికే వెళ్లాను. చీకటి స్టేజి, తక్కువ వెలుతురు కోసం పుష్ చేసిన (ఎక్కువ సేపు డెవలప్ చేసిన) ఫాస్ట్ ఫిల్ము, 24x36 మిల్లీమీటర్ల నెగెటివ్. దాన్ని 40 అంగుళాలకు సాగదీస్తే ఏమవుతుంది? దగ్గరికి వెళ్తే ముఖం గ్రెయిన్‌గా, అంటే చుక్కలు చుక్కలుగా, విడిపోయింది, అనుకున్నట్టే. (రాక్ ఫొటోకు అది పెద్ద లోపమేం కాదనుకోండి. 1979లో న్యూయార్క్ పల్లాడియంలో క్లాష్ బ్యాండు పాల్ సిమనన్ బేస్ గిటారును నేలకేసి కొడుతున్న ఫొటో ఫోకస్‌లో లేదని, ఆల్బమ్ అట్టకు వద్దని చెప్పింది దాన్ని తీసిన పెన్నీ స్మితే.) నేను ఊహించనిది వెనక భాగం. నా ప్రింటులో గిటారిస్టు వెనకంతా కటిక నలుపు. ఇక్కడ డ్రమ్మర్ చెయ్యి, ఆంప్ మీది బటన్లు, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక మనిషి, అన్నీ కనిపిస్తున్నాయి. నెగెటివ్‌లో అవి ఎప్పుడూ ఉన్నాయి. నా ప్రింటు వేసినాయన ఆ వెనక భాగానికి ఎక్కువ వెలుతురిచ్చి (డార్క్‌రూమ్ కాగితం వెలుతురు ఎక్కువైతే నల్లబడుతుంది) కావాలనే నల్లగా ముంచేశాడు. నా గోడ మీద ఆ గిటారిస్టు ఒంటరి, ఇక్కడ బ్యాండులో ఒకడు. కోపంతో వెళ్లినవాణ్ని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ తర్వాత నా ఎడిషన్‌లోదే ఇంకో ప్రింటు మరో కలెక్టర్ దగ్గర చూసే అవకాశం దొరికింది. అందులో చెంప మీది వెలుగు నాదానికంటే కాస్త ఎక్కువ, వెనక భాగం కాస్త తక్కువ నలుపు. చేత్తో వేసినవి కదా. నాకైతే నాదే నచ్చింది, ఆయనకు ఆయనది.

ఫైబర్ కాగితాన్ని పైన తెగ పొగిడాను గానీ, గాలిలో తేమ పెరిగితే అది ఫ్రేము లోపల అలలు తేలుతుంది. జపనీస్ కాగితం పట్టీలతో పైఅంచున మాత్రమే వేలాడదీశారు కాబట్టి మిగతా కాగితం దాని ఇష్టం. పక్కనుంచి లైటు పడితే ఆ అలలు బాగా కనిపిస్తాయి. వేడితో బోర్డుకు అతికించేస్తే చదునుగా ఉంటుందని ఫ్రేము కట్టినాయన అన్నాడు. అలా చేస్తే మళ్లీ క్షేమంగా ఊడదీయడం కష్టం, అమ్మేటప్పుడు విలువా పోతుంది. పిగ్మెంట్ ప్రింటుతో ఈ తలనొప్పి తక్కువ.

కొనమంటానా? అమ్మే ఉద్దేశం లేకపోతే, ఎండ తగలని గోడ ఉంటే కొనమంటాను. నా పరిస్థితి అదే కాబట్టి నాకు నష్టమేం అనిపించలేదు. పెట్టుబడి అనుకునేవాళ్లు మాత్రం అన్ని సైజులూ, ప్రూఫ్‌లూ కలిపి మొత్తం ఎన్ని, ఇకముందు కొత్త సైజులు వేస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి. అడగ్గానే రాసిచ్చిన గ్యాలరీ ఒకటి దొరికింది, నా తర్వాతి ప్రింటు అక్కడే కొన్నాను. అది ఎస్టేట్ ప్రింటు, అంటే ఫొటోగ్రాఫర్ పోయాక ఆయన ఆస్తి చూసుకునేవాళ్లు వేయించింది. ఫొటోగ్రాఫర్ లేరు కాబట్టి సంతకం ఉండదు, ముద్ర మాత్రమే. సంతకం లేనిదాన్ని ముట్టుకోని కలెక్టర్లున్నారు. సంతకం ఉన్నదానికంటే బాగా చవగ్గా వచ్చింది కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆ 30x40 ధర అప్పుడప్పుడు చూస్తూనే ఉంటాను. నంబర్లు ఎక్కుతున్నాయి, ధరా ఎక్కుతోంది. అంత ఖాళీ గోడ నా ఇంట్లో లేదు. ఉంటే కొనకుండా ఉండేవాణ్నని మాత్రం ఒట్టేసి చెప్పలేను.