అల్లాయ్ చక్రాలకు ఐరన్ రిమూవర్: నాలుగేళ్లు వాడాక

ముందు నా బండి ఎడమ చక్రం సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కిందట, మే నెల ఎండలో, విశాఖలో ఒక వాషింగ్ సెంటర్‌కి బాలెనో తీసుకెళ్లాను. కుర్రాడు ఏదో ఎర్రటి ద్రవం తెచ్చి కాలిపోతున్న చక్రం మీద కొట్టాడు. ఇంతలో ఫోన్ వస్తే పక్కకి వెళ్లాడు. ద్రవం బుసబుసా నురగ కక్కి అక్కడే ఆరిపోయింది. కడిగాక చక్రం తళతళలాడింది, సంబరపడి యాభై రూపాయలు టిప్పు కూడా ఇచ్చాను. వారానికి పాలు ఒలికినట్టు తెల్ల మచ్చలు తేలాయి. వానలు వెళ్లేసరికి క్లియర్ కోట్ (చక్రం మీది పారదర్శక పూత) కింద వానపాములు పాకినట్టు సన్నటి తెల్ల గీతలు. అది యాసిడ్ పని, తర్వాత సముద్రపు గాలి పని.

మిగిలిన మూడు చక్రాల కోసం కొన్నదే ఈ ఐరన్ రిమూవర్. సీసా మీద ‘పీహెచ్ న్యూట్రల్’, అంటే యాసిడూ కాదు క్షారమూ కాదు, అని ఉంటేనే కొంటున్నాను. అల్లాయ్ చక్రాల్లోని అల్యూమినియం మీద సహజంగా ఉండే ఆక్సైడ్ పొర, పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతవరకే నిలుస్తుంది. యాసిడైనా ఘాటైన క్షారమైనా దాన్ని తినేస్తాయి. ఇదంతా నేను చదివి తెలుసుకున్నాను గానీ, మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "సిల్వర్ గిన్నెకి సోడా తగిలితే నల్లబడుతుందని తెలీదేంట్రా?"

చక్రానికి పట్టే ఆ గోధుమరంగు మొండి మురికి మట్టి కాదు. బ్రేకు వేసినప్పుడు రాలే ఇనుప పొడి వేడిగా వచ్చి క్లియర్ కోట్‌లో గుచ్చుకుంటుంది. షాంపూకి కదలదు. ఈ మందు దాన్నే పట్టుకుంటుంది. చక్రం చల్లారాక, నీడలో, ముందు నీళ్లు కొట్టి స్ప్రే చేస్తాను. రెండు మూడు నిమిషాల్లో నట్ల సందుల నుంచి ఊదారంగు చారలు కారడం మొదలవుతుంది. మొదటిసారి చూసి రంగు ఊడిపోతోందేమోనని టెన్షన్ పడ్డాను. ఆరిపోకముందే మెత్తటి బ్రష్‌తో రుద్ది, నిండా నీళ్లు పోసి కడిగేయాలి. ఆఖర్న మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం మానకండి. మా బోరు నీళ్లు ఆరితే వాటి మచ్చలే ఇంకో తలనొప్పి.

నచ్చనివీ ఉన్నాయి. కంపు భరించలేం, కుళ్లిన కోడిగుడ్డే. పక్కింటావిడ ఒకసారి గ్యాస్ లీకయిందేమోనని తలుపు కొట్టింది. తారు చుక్కల మీద అసలు పనిచేయదు. వాటికి గుడ్డకి కాస్త కిరోసిన్ అద్ది తుడిచి, వెంటనే షాంపూతో కడుగుతాను. ధర కూడా ఎక్కువే, అందుకే మూడు నెలలకోసారి మాత్రమే. మధ్యలో వారం వారం షాంపూ చాలు.

బానెట్ కింద కథ వేరు. ఆల్టర్నేటర్, గేర్‌బాక్స్ కేసింగ్‌ల మీద క్లియర్ కోట్ ఉండదు, పచ్చి అల్యూమినియమే. ఘాటైన డిగ్రీజర్ (జిడ్డు వదిలించే క్షార మందు) కొట్టి పది నిమిషాలు వదిలేస్తే ఒక బ్రాకెట్ బూడిదరంగుకి తిరిగింది. అమ్మ మాట అప్పటికి నా చెవికెక్కలేదు మరి. ఇప్పుడు అక్కడ పలచటి షాంపూ నీళ్లు, నైలాన్ బ్రష్, తడిగుడ్డ, అంతే. స్టీలు పీచు జోలికి మాత్రం పోను.

ఏ భాగానికి పూత ఉందో తెలియకపోతే, కనబడని మూల మెటల్ పాలిష్ చుక్క వేసి తెల్లగుడ్డతో కాస్త రుద్దండి. గుడ్డ నల్లబడితే పచ్చి లోహం. నల్లబడకపోతే పైన పూత ఉన్నట్టే, ఇక అక్కడ పాలిష్ ఆపేయండి. ఈ పరీక్ష తెలియక, పూత ఉన్న చక్రానికి మెరుపు తెద్దామని ఇత్తడి పాలిష్ రుద్ది మసకబార్చుకున్నవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు.

నాలుగేళ్లకి ఆ మూడు చక్రాలూ షోరూం మెరుపుతో కాకపోయినా, ఒక్క తెల్ల గీత లేకుండా ఉన్నాయి. చెడిపోయిన దాన్ని మళ్లీ లేత్ మీద డైమండ్ కట్ (పై లోహాన్ని పలచగా చెక్కి మెరుపు తేవడం) చేయించవచ్చు గానీ, చేసిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. ఎందుకొచ్చిన గొడవ అని వదిలేశాను. పార్కింగ్‌లో అది గోడవైపు ఉండేలా బండి పెడుతున్నాను.