భీమవరంలో ఎఫ్‌ఎస్‌పీ చేయించాను: పనితనం బాగుంది, పౌడర్ మాత్రం గాలికి పోయింది

ఎంటెక్ ప్రాజెక్టుకి ఫ్రిక్షన్ స్టిర్ ప్రాసెసింగ్ (ఎఫ్‌ఎస్‌పీ, అంటే తిరిగే టూల్‌తో ప్లేటు పైపొరలో గట్టి పౌడర్ కలపడం) అనగానే పెద్ద ల్యాబులకి తిరగాల్సిందే అని అందరూ భయపెట్టారు. తీరా చూస్తే గట్టి వర్టికల్ మిల్లింగ్ మెషీన్ ఉంటే ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు మీద పని అయిపోతుంది. అలాంటి మెషీన్ భీమవరంలోనే ఒక లేత్ షాపులో దొరికింది. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. రొయ్యల చెరువుల ఏరేటర్లకి షాఫ్టులు, రైస్ మిల్లు రిపేర్లు వాళ్ల అసలు పని.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో కనిపెట్టిన ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ నుంచి పుట్టిన పద్ధతి ఇది. ప్లేటులో సన్నని గాడి తీసి సిలికాన్ కార్బైడ్ పౌడర్ నింపి, గిరగిరా తిరిగే టూల్ దించితే రాపిడి వేడికి అల్యూమినియం కరగకుండానే మెత్తబడి పౌడర్‌ని తనలో కలిపేసుకుంటుంది. పైపూత కాదు కాబట్టి పెచ్చులూడే గొడవ లేదు. ఇదంతా చెబితే మేస్త్రి గారు "జంతికల పిండిలో వాము కలపడమే కదండీ" అనేశారు, నేను రాసిన ఇరవై పేజీల ఇంట్రడక్షన్ కంటే అదే నయం.

ప్లేటు 5083 రకం అల్యూమినియం తీసుకెళ్లాను, దాని గట్టిదనం హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చింది కాదు. అందరూ హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరిచిన 6061-టీ6 తెస్తారు కానీ ఆ వేడికి దానికి గట్టిదనం ఇచ్చే ప్రెసిపిటేట్లు (లోపలుండే అతి సన్నని రేణువులు) కరిగిపోయి, పౌడర్ కలిపినా హార్డ్‌నెస్ అసలు ప్లేటు కంటే తగ్గొచ్చు, వైవాలో దొరికిపోతాం.

ఇక గొడవ. గాడి నింపాక ముందు పిన్ (ప్లేటులోకి దిగే టూల్ మొన) లేని టూల్‌తో పైన ఒకసారి రుద్ది మూత వెయ్యాలి, అది చేసి పెట్టమని ముందే చెప్పాను. నేను టీ తాగి వచ్చేసరికి టైం కలిసొస్తుందని నేరుగా పిన్ టూల్ దించేశారు. షోల్డర్ (పిన్ పైన ప్లేటుకి ఆనుకునే వెడల్పు భాగం) అంచు నుంచి బూడిదరంగు పొడి చిమ్ముకుంటూ వచ్చి మేస్త్రి గారి మోచేతుల దాకా అంటుకుంది! మిగిలిన ప్లేటుని హాక్సాతో అడ్డంగా కోసి, ఎమెరీ పేపర్ మీద రుద్ది చూస్తే అడ్వాన్సింగ్ వైపు (టూల్ తిరిగే దిశ, ముందుకెళ్లే దిశ ఒకటయ్యే పక్క) గుండుసూది లావు బొక్క, లోపల పొడుగునా సొరంగమే. ఆ ప్లేటుకీ డబ్బులు తీసుకున్నారండి, అదీ నా బాధ.

రెండోసారి పక్కనే నిలబడ్డాను. మూత వేశారు, హెడ్ రెండు డిగ్రీలు వంచారు, ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) నిమిషానికి 60 నుంచి 30 మిల్లీమీటర్లకి తగ్గించారు, అదే దారిలో మూడు పాస్‌లు. ఈసారి సొరంగం లేదు, పౌడర్ గుట్టలు పడకుండా బాగా పరుచుకుంది. క్లాంపులు బిగించడంలో మేస్త్రి గారి చెయ్యి చూడాల్సిందే, ప్లేటు వెంట్రుకంతైనా కదల్లేదు.

గంటకి 600 తీసుకున్నారు. హెచ్13 స్టీలుతో టూల్ మనమే చేయించి హార్డెనింగ్ పెట్టించుకుని వెళ్లాలి. మన దగ్గర గాల్లో చెమ్మ ఎక్కువ కదా, పౌడర్‌ని ఓవెన్‌లో ఆరబెట్టి మూత గట్టిగా బిగించి పట్టుకెళ్లండి, లేకపోతే ఉండ కడుతుంది. టూల్ పైకి తీసిన చోట గుంట మిగులుతుంది, అది షాపు తప్పు కాదు, కాబట్టి ప్లేటు రెండు అంగుళాలు పొడుగ్గా కోయించుకోండి. టీ మాత్రం పని అయ్యాకే తాగండి.