పొందూరు చొక్కా: ఆరేళ్ళ వాడకం, తెగని దారం మీద కోపం

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ అనగానే వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, గాంధీగారి మెచ్చుకోలు... ఇవన్నీ అందరూ రాసినవే. నా గొడవంతా కుట్టుదారంతో.

2019లో పొందూరు సన్నరకం ఖాదీ కొని, విశాఖలో మా వీధి టైలరు చేత పొడుగుచేతుల చొక్కా కుట్టించాను. ఉక్కపోతకి మిల్లు చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ఇదైతే ఫ్యాను కింద కాసేపు నించుంటే ఆరిపోయేది. చేత్తో వడికిన నూలు ఒకచోట సన్నం, ఒకచోట లావు. ఆ ఎగుడుదిగుడే బట్టని ఒంటికి అంటనివ్వదు.

నాలుగో ఏడు సిటీబస్సులో పైకమ్మీ పట్టుకుందామని చెయ్యెత్తాను. వీపు వెనక పర్రుమంది. చంక దగ్గర్నుంచి జానెడు చీలిక! వెనకసీటు పెద్దాయన "పాతదా బాబూ?" అంటే తల అడ్డంగా ఊపాను.

ఇంటికొచ్చి చూస్తే కుట్టు చెక్కు చెదరలేదు. దాని పక్కనే బట్ట, తపాలాబిళ్ళ అంచులా, కన్నాల వెంబడి తెగింది. వేసింది పాలియెస్టర్ దారం. బట్టకన్నా దారం గట్టిదైతే, లాగినప్పుడల్లా అదే బట్టని కోస్తుంది. ఖాదీకి నూలుదారమే వెయ్యాలని టైలరుకి తోచలేదు, నాకూ తెలీదు. మా తాతయ్య లాల్చీకి చంక కింద నలుచదరపు ముక్క ఉండేది. చెయ్యెత్తితే ఆ లాగుడు ముక్క మీదకి పోయేది. అదేదో గుడ్డ మిగిలి అతికారనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

గంజి పెడితే దీనికి రాజసం వస్తుందని స్నేహితులందరికీ చెప్పాను. ఇప్పుడు కొంచెం మెల్లగా చెబుతున్నాను: గంజి బిగిసిన కాలరు మడత దగ్గరే పోగులు ముందు విరిగాయి. పల్చగా, పెళ్ళిళ్ళకి మాత్రమే పెడుతున్నాను.

చిరిగినదాన్ని చేతులు కత్తిరించి ఇంట్లో వేసుకుంటున్నాను. దాని హాయి ఏమీ తగ్గలేదు. రెండోది నూలుదారంతో, చంకలో ముక్క వేయించి కుట్టించాను. కూలి ఎక్కువడిగాడు, ఇచ్చాను.

కొనమంటారా అంటే, నాది కుర్చీలో కూర్చునే ఉద్యోగం, బట్టలు చేత్తోనే ఉతుక్కుంటాను. రోజంతా బండి మీద తిరిగేవాళ్ళకి, ఉతుకు మిషనుకి అప్పజెప్పేవాళ్ళకి నా మాట పనికిరాకపోవచ్చు. రెండో చొక్కాకి రెండేళ్ళు నిండాయి. మొన్న భుజం దగ్గర దారం తెగింది, బట్టకేం కాలేదు. సూది తీసుకుని నేనే నాలుగు కుట్లు వేసుకున్నాను.