గేర్‌కేస్ ప్రెషర్ పంపు కొనాలా, వద్దా?

ఔట్‌బోర్డ్ ఇంజను (బోటు వెనక తగిలించేది) గేర్‌కేస్‌లో, అంటే ప్రొపెల్లర్ దగ్గర గేర్లు, ఆయిల్ ఉండే కింది పెట్టెలో, నీళ్లు చేరాయో లేదో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కింది ప్లగ్ వదులు చేస్తే ఆయిలే చెప్తుంది. నీళ్లు ఎక్కడి నుంచి చేరాయో మాత్రం చెప్పదు. ఆ పని కోసమే ఈ పంపు కిట్. చిన్న చేతిపంపు, గేజి, గొట్టం, ప్లగ్ రంధ్రాల్లో బిగించే రెండు మూడు ఎడాప్టర్లు, అంతే. విశాఖ తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఇంజన్లు ఎలాగూ ఒడ్డునే ఉంటాయి. దీనితో పని పడేది ఆ 61 రోజుల్లోనే.

పంపు తీసేముందు ఆయిల్ చూడండి. ఇంజన్ని రాత్రంతా నిటారుగా నిలబెట్టి, పొద్దున్నే పై ప్లగ్ ముట్టుకోకుండా కింది ప్లగ్ మాత్రం కొద్దిగా వదలండి. నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరి ముందు అవే కారతాయి. బాగా కలిసిపోయి ఉంటే ఆయిల్ పాల టీ రంగులో వస్తుంది. నల్లగా, మాడు వాసనతో వస్తే నీళ్ల సమస్య కాదు. ఆయిల్ తగ్గి వేడెక్కిందని అర్థం. ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు పేస్టు కొంచెం ఉండటం మామూలే. వేళ్ల మధ్య గుచ్చుకునే పెచ్చులు కనిపిస్తే పంపు పక్కన పెట్టి గేర్‌కేస్ విప్పించండి, గేరు పళ్లో బేరింగో పోయినట్టే. వచ్చిన ఆయిల్‌ని కొలవడం మరిచిపోవద్దు. యమహా 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్‌కి పట్టేది 250 మిల్లీలీటర్లు. అందులో 150 మాత్రమే వస్తే మిగతాది సముద్రంలోకి పోయింది, సీలు (తిరిగే షాఫ్ట్ చుట్టూ పెదవిలాంటి అంచుతో ఆయిల్‌నీ నీళ్లనీ ఆపే రబ్బరు రింగు) అటూ ఇటూ వదులుతోంది.

ఇక కిట్ సంగతి. ముందు చూడాల్సింది గేజి. 0 నుంచి 30 పౌండ్ల (పీఎస్‌ఐ) దాకా ఉన్నది తీసుకోండి. టైర్ల కోసం చేసిన 100 పౌండ్ల గేజి మీద ఒక పౌండు తగ్గితే ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. ఇక్కడ వెతికేది సరిగ్గా ఆ ఒక్క పౌండునే. తర్వాత మరలు. యమహా చిన్న ఇంజన్లకు 8 మిల్లీమీటర్ల మర, మెర్క్యురీకి అంగుళాల లెక్కలో మూడు బై ఎనిమిది. రెండూ లేని కిట్ ఎంత చవకైనా దండగ. చవక కిట్లలో గొట్టం జాయింటే గాలి వదులుతుంది. అందుకే ఎడాప్టర్ మూతిని మూసి 15 పౌండ్లు కొట్టి, గొట్టాన్ని బకెట్ నీళ్లలో ముంచి చూసుకోండి. ఈ పని చెయ్యక మంచి సీళ్లు పీకేసేవాళ్లు చాలామంది.

పరీక్షలో ఆయిల్ పూర్తిగా దింపి, కింది ప్లగ్‌ని కొత్త వాషరుతో బిగించి, పై రంధ్రంలో ఎడాప్టర్ పెట్టాలి. ముందు 3 పౌండ్లే కొట్టండి. కొన్ని సీళ్లు తక్కువ ఒత్తిడిలోనే వదులుతాయి, ఎక్కువైతే పెదవి షాఫ్ట్‌కి అతుక్కుని బాగున్నట్టు నటిస్తాయి. తర్వాత 10 నుంచి 12 దాకా పెంచి అయిదు నిమిషాలు ఆగండి. 15 దాటొద్దు, బాగున్న సీలు కూడా లేచిపోవచ్చు. ఆగిన సేపూ ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పుతూ, పక్కకి నెట్టుతూ, గేరు మార్చే రాడ్ కదుపుతూ ఉండాలి. డ్రైవ్ షాఫ్ట్‌ని (ఇంజన్ నుంచి కిందికి దిగే నిలువు షాఫ్ట్) సవ్యదిశలోనే తిప్పండి, వెనక్కి తిప్పితే వాటర్ పంపు ఇంపెల్లర్ (లోపలి రబ్బరు చక్రం) రెక్కలు మడత తిరుగుతాయి. సబ్బునీళ్లు రాసి చూడండి, బుడగ ఎక్కడ లేస్తే దొంగ అక్కడే. డ్రైవ్ షాఫ్ట్ సీలు వాటర్ పంపు కింద దాక్కుని ఉంటుంది కాబట్టి గేర్‌కేస్ దింపి, పంపు తీస్తే తప్ప కనపడదు.

విశాఖ ఎండలో మరో తిరకాసు ఉంది. నీడలో ఉన్న గేర్‌కేస్‌ని పరీక్ష మధ్యలో ఎండలోకి జరిపితే లోపలి గాలి వ్యాకోచించి గేజి తగ్గకుండా ఆపుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక పౌండు పెరుగుతుంది. అంటే చిన్న లీకు కనపడకుండా పోతుంది. పొద్దున్నే, నీడలోనే చెయ్యండి.

ధర కొంచెం ఎక్కువైనా వ్యాక్యూమ్ కూడా పీల్చే పంపే మేలు. నడిచి వేడెక్కిన గేర్‌కేస్ ఆగి చల్లబడేటప్పుడు లోపలి గాలి కుదించుకుని బయటి నీళ్లని లోపలికి లాగుతుంది. గాలి కొట్టి చూస్తే ఆ దిశ పరీక్షకి రాదు. సీలు చుట్టూ కాస్త ఆయిల్ రాసి పీల్చండి, లోపలికి జారిపోతే ఆ సీలే.

మన దగ్గర ముందు అనుమానించాల్సింది ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు. ఫిషింగ్ హార్బర్ నీళ్లలో తేలే నైలాన్ వలదారం ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని సీలు పెదవిని కోస్తుంది. జాలరిపేట, మంగమారిపేటల్లో ఒడ్డుకి లాగే బోట్లకి ఇసుక అదే పని నెమ్మదిగా చేస్తుంది. కొత్త సీలు వేసిన నెలకే ఆయిల్ మళ్లీ తెల్లబడిందంటే షాఫ్ట్ మీద గోరు ఆడించండి. గాడి తగిలితే ఎన్ని సీళ్లు మార్చినా దండగే. షాఫ్ట్ మార్చాలి, లేదా గాడి మీద స్లీవ్ (పల్చని లోహపు తొడుగు) వెయ్యాలి. పాత సీళ్లు పీకే ముందు పెదవి ఎటు ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి. తిరగేసి బిగించిన సీళ్లు చాలా గేర్‌కేస్‌లలో దొరుకుతాయి.

ఈ కిట్‌తో తేలని జబ్బులూ ఉన్నాయి. గేరు వేసినప్పుడు టక్కుమని ఎగిరిపోతుంటే ముందు కేబుల్ సర్దుబాటు చూడాలి, అది సరిగా ఉంటే డాగ్ క్లచ్ (గేరుని షాఫ్ట్‌కి పట్టించే పళ్ల ముక్క) మూలలు అరిగినట్టు. భయపడి నెమ్మదిగా గేరు వేసే అలవాటు వల్లే ఎక్కువగా అరుగుతాయి. ఇంజన్ రొదపెడుతున్నా బోటు సాగకపోతే ప్రొపెల్లర్ హబ్ (మధ్య భాగం) రబ్బరు జారుతోందేమో చూడండి. హబ్ మధ్య ముక్క నుంచి బయటి భాగం దాకా చెరగని రంగుతో గీత గీసి ఒకసారి తిప్పుకొస్తే చాలు, గీత విరిగితే రబ్బరు పోయినట్టే. ఈ రెంటికీ గాలి పంపు కొనడం చేప కోసం చెట్టెక్కడమే.

ఒకే ఇంజన్ ఉండి, ఏడాదికోసారి మెకానిక్ దగ్గరికి పంపేవాళ్లకి ఇది అక్కర్లేదు. ఆయన దగ్గర ఇలాంటి పంపు ఉందో లేదో అడిగితే చాలు. లేదని, చూపుతోనే చెప్తానని అంటే వేరే చోటు చూసుకోండి. మూడు నాలుగు బోట్లున్నవాళ్లు, రుషికొండ వైపు పర్యాటక బోట్లు నడిపేవాళ్లు తప్పక కొనుక్కోవాలి. కొన్నాక రెండు డజన్ల ప్లగ్ వాషర్లు కూడా తెచ్చిపెట్టుకోండి, వాడిన వాషరు మళ్లీ బిగిస్తే లీకు అక్కడే మొదలవుతుంది. మళ్లీ నింపేటప్పుడు ఎస్‌ఏఈ 90 హైపాయిడ్ గేర్ ఆయిల్ కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలో గాలి బుడగలు ఆగి ఆయిల్ కారాక ముందు పై ప్లగ్ బిగించండి, తర్వాతే కిందిది.