డి ఆంజా కాలేజీ: పదకొండేళ్లుగా వెళ్ళొస్తున్నదాన్ని, నా అనుభవం

కాలిఫోర్నియాలో కూపర్టినో, సన్నీవేల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో డి ఆంజా పేరు తెలియనివాళ్ళు ఉండరు. కానీ పిల్లల చదువుల మాట వచ్చినప్పుడు మాత్రం "అది కమ్యూనిటీ కాలేజీ కదండీ" అని, అంటే ఎక్కువగా రెండేళ్ల చదువులుండే ప్రభుత్వ కాలేజీ అని, ఒక్క మాటతో పక్కన పెట్టేస్తారు. అది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 2014 సెప్టెంబర్ నుంచి ఆ కాలేజీతో నాకు ఏదో ఒక సంబంధం ఉంది, మొదట నేను చదివాను, తర్వాత మా అమ్మాయి అక్కడ క్లాసులు తీసుకుంది, కాబట్టి ఇది నాలుగు రోజులు చూసి రాస్తున్నది కాదు.

నేను 2013లో గుంటూరు నుంచి హెచ్4 మీద, అంటే మా ఆయన వర్క్ వీసాకి అనుబంధంగా ఇచ్చే డిపెండెంట్ వీసా మీద వచ్చాను. నాగార్జున యూనివర్సిటీలో ఎం.కాం. చేసి, పెళ్ళికి ముందు రెండేళ్లు ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేసినదాన్ని. ఇక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు. హెచ్4 వాళ్ళకి ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి) ఇవ్వడం మొదలైందే 2015 మే 26న, అది కూడా గ్రీన్‌కార్డ్ పని ఒక దశ దాటినవాళ్ళకే. పాపని స్కూల్లో దింపి వచ్చాక ఆ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గడిపిన మొదటి ఏడాది గురించి ఎక్కువ చెప్పను, అలా గడిపినవాళ్ళకి తెలుసు. చదువుకోవడానికి మాత్రం హెచ్4కి అడ్డు లేదు, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారక్కర్లేదు అన్న సంగతి పార్కులో పరిచయమైన ఒక అక్కయ్య చెబితే తెలిసింది.

ఫీజు సంగతి ముందే చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో ఏడాదీ ఒక రోజు ఉండి, ఇక్కడే స్థిరంగా ఉంటున్నామని కాగితాలు చూపిస్తే హెచ్4 వాళ్ళకి కూడా రెసిడెంట్ ఫీజే పడుతుంది. అంటే యూనిట్‌కి (ఒక్కో క్లాసు ఎంత పెద్దదో కొలిచే లెక్క) 31 డాలర్లు. 5 యూనిట్ల అకౌంటింగ్ క్లాసుకి 155 డాలర్లు, పైన చిన్నా చితకా ఫీజులు. ఏడాది నిండకముందు చేరితే దీనికి ఎన్నో రెట్లు కట్టాలి, అందుకే నేను ఆగాను, మీరూ ఆగండి.

నాకు కావలసింది డిగ్రీ కాదు, సీపీఏ (మన సీఏ లాంటిది) పరీక్ష రాసి లైసెన్స్ తీసుకునే అర్హత. కాలిఫోర్నియాలో అప్పటి రూల్ ప్రకారం మొత్తం 150 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి, అందులో అకౌంటింగ్‌వి 24, బిజినెస్ సబ్జెక్టులవి 24, ఇవి కాక ఎథిక్స్‌వి 10. మన బి.కాం., ఎం.కాం.లో ఎథిక్స్ పేరుతో పేపర్లు ఉండటం తక్కువ కదా, అక్కడే చాలామంది ఆగిపోతారు. నా మార్కుల లిస్టులు చూసి లెక్క కట్టే ఒక ఏజెన్సీ నెలల తరబడి తిప్పి, చివరికి రెండు పేపర్లు వదిలేసి రిపోర్ట్ ఇచ్చింది, మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ చేయించుకున్నాను. లోటుగా మిగిలిన యూనిట్లన్నీ డి ఆంజాలోనే పూర్తి చేశాను. ఒక విషయం జాగ్రత్త, ఇక్కడ నడిచేది క్వార్టర్ పద్ధతి, ఒకటిన్నర క్వార్టర్ యూనిట్లు కలిస్తే ఒక సెమిస్టర్ యూనిట్. 24 కావాలంటే 36 చదవాలి. ఈ లెక్క తెలియక చివర్లో ఒక క్లాసు తక్కువై ఇంకో మూడు నెలలు ఆగినవాళ్ళని చూశాను. సీపీఏ రూల్స్ కూడా మారుతుంటాయి, మీరు మొదలుపెట్టేముందు కాలిఫోర్నియా బోర్డ్ ఆఫ్ అకౌంటెన్సీ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

క్వార్టర్ అంటే చివరి పరీక్షలతో కలిపి పన్నెండు వారాలు. మొదటి వారం సిలబస్ చదువుతుండగానే మూడో వారం మిడ్‌టర్మ్ దగ్గరికి వచ్చేస్తుంది. ఇంజనీరింగ్‌లో ఏడాదంతా వదిలేసి చివరి నెలలో చదివే మన అలవాటు ఇక్కడ అస్సలు పనికిరాదు, వారం వారం హోంవర్క్, క్విజ్ ఉంటాయి, అవన్నీ కలిపితేనే గ్రేడ్. నేను రెండో ఏడాది చలికాలంలో మూడు క్లాసులు తీసుకున్నాను, పాపకి వరుసగా జ్వరాలు, మా ఆయన ప్రాజెక్ట్ రిలీజ్ టెన్షన్‌లో ఉన్నారు. ఒక క్లాసు వదిలేద్దామనుకునేసరికి రెండో వారం దాటిపోయింది. ఆ గడువు దాటాక వదిలితే డబ్బు తిరిగి రాదు, ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ (మధ్యలో వదిలేశారని గుర్తు) అని పడుతుంది. నాకు పడింది. అందుకే చేరిన రోజే ఆ తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి.

క్లాసు దొరకడం కూడా తెలుసుకోవలసిన పని. ముందే చదివిన యూనిట్లని బట్టి రిజిస్ట్రేషన్ తేదీ ఇస్తారు, కొత్తవాళ్ళకి ఆఖర్న వస్తుంది, మంచి పేరున్న టీచర్ల క్లాసులు అప్పటికే నిండి ఉంటాయి. వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టుకుని, మొదటి రోజు తప్పకుండా వెళ్ళి కూర్చోండి. రానివాళ్ళ పేర్లు తీసేసి ఆ క్లాసులో చేరడానికి యాడ్ కోడ్ ఇస్తారు. మా మొదటి అకౌంటింగ్ క్లాసులో సగం మంది పద్ధెనిమిదేళ్ల పిల్లలు, మిగతావాళ్ళలో రెస్టారెంట్‌లో రాత్రి షిఫ్ట్ చేసి వచ్చే వియత్నాం ఆవిడ ఉండేది, ఆర్మీ నుంచి వచ్చిన అబ్బాయి ఉండేవాడు, అరవై దాటిన పెద్దాయన ముందు వరసలో కూర్చునేవారు. నువ్వెందుకు వచ్చావు, ఇన్నేళ్లు గ్యాప్ ఎందుకు అని ఒక్కరూ అడగలేదు. ఊళ్ళో అత్తయ్యగారు ఫోన్‌లో "ఈ వయసులో మళ్ళీ కాలేజీ ఏంటమ్మా" అని రోజూ అంటున్న సమయంలో ఆ గది నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ట్యూటరింగ్ ఉచితం. పుస్తకాలు కొనలేకపోతే లైబ్రరీలో రిజర్వ్ కాపీ అడిగి అక్కడే చదువుకోవచ్చు, పుస్తకం ఖర్చే లేని క్లాసులకి షెడ్యూల్‌లోనే గుర్తు ఉంటుంది.

ఇక పిల్లల సంగతి. ఇక్కడ రెండేళ్లు చదివి 90 క్వార్టర్ యూనిట్లతో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లోనో, కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లోనో మూడో ఏడాదిలో చేరవచ్చు, చివరికి చేతికొచ్చే డిగ్రీ ఆ యూనివర్సిటీదే. టాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అని ఒకటుంది, డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్ ఈ ఆరు యూసీ క్యాంపస్‌లలో ఒకదానికి అప్లై చేసి, చెప్పిన క్లాసులు చదివి, చెప్పిన జీపీఏ (గ్రేడ్ల సగటు) తెచ్చుకుంటే సీటు గ్యారంటీ. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగో ఇందులో లేవు, కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లని కొన్ని క్యాంపస్‌లు టాగ్‌లో పెట్టవు. సెప్టెంబర్‌లోనే అప్లై చేయాలి. ఏ క్లాసు దేనికి సరిపోతుందో అసిస్ట్ అనే సైట్‌లో ఉంటుంది, కౌన్సిలర్‌ని కలిసేముందు అది చూసుకుని వెళ్తే మాట్లాడే అరగంటా వృథా కాదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకబ్బాయికి పన్నెండో తరగతిలో అనుకున్న చోట ఏదీ రాలేదు. డి ఆంజాలో చేరాడని ఎవరికీ చెప్పకండని వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. వాడు రెండేళ్లకి టాగ్ మీద యూసీ డేవిస్‌కి ఎకనామిక్స్‌కి వెళ్ళాడు. ఆ రెండేళ్లూ ఆ ఇంట్లో అంత సిగ్గుపడాల్సిన పనేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా అమ్మాయి హైస్కూల్లో ఉండగానే 2024 సమ్మర్‌లో ఒకటి, 2025లో ఒకటి క్లాసులు తీసుకుంది. స్కూల్ పిల్లలకి యూనిట్ ఫీజు లేదు. కానీ ఉచితం కదా అని పిల్లల మీద రుద్దకండి. అక్కడ వచ్చిన గ్రేడ్ శాశ్వతంగా కాలేజీ రికార్డులో ఉంటుంది, తర్వాత యూనివర్సిటీలకి అది చూపించాల్సిందే.

క్యాంపస్ 1967లో మొదలైంది, ఎర్రపెంకుల కప్పులు, ఆర్చిలు, చెట్లు, నడవడానికి హాయిగా ఉంటుంది. ఇక్కడి ఫ్లింట్ సెంటర్‌లోనే 1984 జనవరి 24న యాపిల్ వాళ్ళు మొదటి మాకింటాష్ కంప్యూటర్‌ని చూపించారు, ఆ ఆడిటోరియంని తర్వాత మూసేశారు. ప్లానిటేరియంకి పిల్లల్ని తీసుకెళ్ళండి.

ఎవరికి కుదరదో కూడా చెబుతాను. హాస్టల్ జీవితం, ఒకే బ్యాచ్ స్నేహితులు కావాలనుకునే పిల్లలకి ఇది వెలితిగా ఉంటుంది, క్లాసు అవగానే అందరూ పనులకి పరిగెడతారు. నేను చదివిన రోజుల్లో క్యాంపస్‌లో ఉండటానికి గదులు లేవు, ఈ ఊరి అద్దెలు మీకు తెలిసినవే. ఇది చెయ్యి, అది చెయ్యి అని వెంటపడి చెప్పేవాళ్ళు లేకపోతే కదలని పిల్లలకి కూడా కష్టం, సాయం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ వెళ్ళి అడగాలి.

నేను పరీక్షలు పాసై ఇప్పుడు ఒక చిన్న ట్యాక్స్ ఆఫీసులో చేస్తున్నాను. చదువు అవసరం తీరింది, అయినా ఈ ఫాల్‌లో సిరామిక్స్ క్లాసుకి పేరు పెట్టాను. వెయిట్‌లిస్ట్‌లో నాలుగో నంబర్. మొదటి రోజు వెళ్ళి కూర్చుంటాను.